ముందు గది కొలువు, తర్వాత లెన్స్ కొను



పాపను ఫోటోలు తీయడానికి పాత నికాన్ కెమెరా కొన్నావనీ, ఇప్పుడు దానికి జూమ్ లేని ప్రైమ్ లెన్స్ వెతుకుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. సంతోషం నాయనా. ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని ఎవరన్నా అంటే పట్టించుకోకు. బిడ్డ ఎదిగే రోజులు మళ్లీ రావు, వాటి మీద పెట్టిన డబ్బు దండగ కాదు. కాకపోతే చేతిలో ఉన్నది పది, పదిహేను వేలు కనుక కొనగలిగేది ఒక్క లెన్సే. ఆ ఒక్కటి మీ ఇంటికి సరిపడేదై ఉండాలి.

ఎవర్ని అడిగినా 50 ఎంఎం తీసుకోమంటారు. మా కాలపు మాట అది. 1925లో లైకా తొలి కెమెరా 50 ఎంఎం లెన్స్‌తోనే అమ్మకానికి వచ్చింది. తర్వాత ఫిల్మ్ కెమెరాలకు తోడుగా ఎక్కువగా వచ్చింది కూడా 50 లెన్సే. అప్పటి ఫిల్మ్ గడి వెడల్పు 36 మిల్లీమీటర్లు. నీ కెమెరాలోని సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లే. అందుకే అదే 50, నీ కెమెరాకు తగిలిస్తే 75 లాగా పనిచేస్తుంది. మొహం వరకు చక్కగా వస్తుంది. పక్కన కూర్చున్న నాయనమ్మ మాత్రం ఫ్రేములోంచి జారిపోతుంది.

దీనికి ఒక తేలిక లెక్క ఉంది, గుర్తుపెట్టుకో. నీ కెమెరాకు 50 పెడితే, మనిషికీ నీకూ మధ్య ఎంత దూరముందో అందులో సగం కన్నా కాస్త తక్కువ వెడల్పు ఫోటోలోకి వస్తుంది. 35 పెడితే మూడింట రెండొంతులు వస్తుంది. 24 పెడితే దాదాపు ఆ దూరమంత వెడల్పూ వస్తుంది. గిద్దలూరులో మీ ముందుగది గోడ నుంచి గోడకు పదడుగులుంటుందని నా అంచనా. నువ్వు గోడకు ఆనుకుని నిలబడితే పాపకూ నీకూ మధ్య మిగిలేది ఎనిమిదడుగులు. 50తో నాలుగడుగుల లోపే పడుతుంది, ఇద్దరు కూర్చోవచ్చు. 35తో ఐదడుగుల పైన పడుతుంది, పాపతో పాటు అమ్మా నాయనమ్మా కూడా వస్తారు. మీ ఇంటికి 35 సరిపోతుందని నా నమ్మకం.

నా మాట మీద కొనెయ్యకు. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ నీ దగ్గరుంది కదా. జూమ్ రింగును 35 దగ్గర పెట్టి, కదలకుండా చిన్న టేపు ముక్క అంటించు. కొన్నాళ్లు అలాగే తియ్యి. ఆ తర్వాత 50 దగ్గర అంటించి తియ్యి. వెనక్కి జరగడానికి చోటు చాలక ఎక్కడ ఇబ్బంది పడ్డావో నీకే తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు.

మరి కిట్ లెన్స్ ఉండగా ప్రైమ్ ఎందుకంటే, వెలుతురు కోసం. మన వైపు మిద్దె ఇళ్లలో పట్టపగలు కూడా గది లోపల మసకగానే ఉంటుంది. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది. కిట్ లెన్స్ 35 దగ్గర ఎఫ్ 4.5 కన్నా పెద్దగా తెరుచుకోదు. ఎఫ్ 1.8 ప్రైమ్ దానికి ఆరు రెట్ల వెలుతురు లోపలికి తీసుకుంటుంది. అంటే సెకనులో 30వ వంతు తెరిచి ఉంచాల్సిన షట్టర్ 180వ వంతుతో సరిపోతుంది. పాప చెయ్యి ఊపినా మసక బారదు. అందుకని ఫ్లాష్ వద్దు, తలుపు దగ్గరో కిటికీ దగ్గరో కూర్చోబెట్టు.

ఎప్పుడూ 1.8లోనే తీయకు. ఆరడుగుల దూరంలో 35 లెన్స్‌కు అలా స్పష్టంగా వచ్చేది ఎనిమిది అంగుళాల లోతు మాత్రమే. ఒళ్లో పాప కళ్లు బాగుండి, వెనక నాయనమ్మ మొహం చెదిరిపోతే ఆ ఫోటో ఎందుకు? ఒక్కరికైతే 2 లేదా 2.8, ఇద్దరు ముగ్గురికైతే 4 పెట్టు, వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచు. మొహానికి మరీ దగ్గరగా వెళ్లకు, ముక్కు పెద్దదిగా వస్తుంది. నాలుగైదు అడుగుల దూరం ఉంచు.

రేపు అక్షరాభ్యాసం రోజు మన మార్కాపురం పలక పాప చేతిలో ఉంటుంది. ఆ నల్లదనం ఫ్రేమునిండా ఉంటే చీకటిగా ఉందనుకుని కెమెరా వెలుగు పెంచేస్తుంది, మొహం తెల్లగా పాలిపోతుంది. ప్లస్-మైనస్ బటన్ నొక్కి మైనస్ 0.7కు తగ్గించు.

కొనేటప్పుడు పేరులో అక్షరాలు చూసుకో. నీది డి3000, డి5000 వరుస కెమెరా అయితే దానిలో ఫోకస్ మోటార్ ఉండదు. చవకగా దొరుకుతుందని పాత 50 ఎంఎం 1.8డి కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, పరుగెత్తే పిల్లతో అది అయ్యే పని కాదు. 'ఏఎఫ్-ఎస్' అని రాసి ఉండాలి. నికాన్ 2009లో తెచ్చిన ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8జి నీకు సరిగ్గా సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే చూడకుండా డబ్బు పంపకు. గిద్దలూరులో రైలెక్కితే కంభం, మార్కాపురం రోడ్డు మీదుగా గుంటూరు వెళ్లొచ్చు, నీ కెమెరా వెంట తీసుకెళ్లు. లెన్స్‌లోకి ఫోన్ టార్చి వేసి చూడు. నాలుగు ధూళి రేణువులు ఉన్నా పర్వాలేదు. తెల్లటి దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వదిలేసి రా. అక్కడే దగ్గరివీ దూరానివీ ఫోటోలు తీసి, పెద్దవి చేసి చూసుకో.

పాత కిట్ లెన్స్ అమ్మెయ్యకు. కంభం చెరువు కట్ట మీద అందరినీ నిలబెట్టి నీళ్లూ కొండలూ కనబడేలా తీయాలన్నా, మార్కాపురం చెన్నకేశవస్వామి రథం మొత్తం రావాలన్నా 18 ఎంఎం కావాల్సిందే. అక్కడ వెలుతురుకు కొదవ లేదు.

ఉన్న డబ్బంతా లెన్స్‌కే పెట్టెయ్యకు. కొంత పక్కన ఉంచి, నెలనెలా నాలుగు ఫోటోలు ప్రింట్ వేయించు. మెమరీ కార్డులో మిగిలిపోయిన ఫోటో నాయనమ్మకు అందదు. ఆల్బమ్ అయితే తనే తీసి చూసుకుంటుంది. పాప కూడా రేపు చూసుకుంటుంది.

ఈ ఆదివారం కొలత టేపు పట్టుకుని ముందుగదీ వరండా రెండూ కొలువు. కిట్ లెన్స్‌తో తీసిన ఫోటోలు నాకు పంపు. చూసి ఇద్దరం మాట్లాడుకుని తేల్చుకుందాం, ఆ తర్వాతే డబ్బు తియ్యి.

ప్రేమతో,
పెదనాన్న