మనకు లేని భయం

ఒక మనిషి లేనిదానికి భయపడ్డాడు. ఆ భయం పుట్టించిన పని మనవైపు నుంచి జరిగింది. తప్పు మనదా, కాదా?

సందేహం ఇంతే. చీకట్లో పసివాణ్ణి దయ్యమని జడిపిస్తే తప్పని ఎవరైనా అంటారు, అది కావాలని చేసేది కాబట్టి. నేనడిగేది దాని గురించి కాదు. మన మానాన మనం ఒక పని చేస్తాం. దానివల్ల ఎవరికీ వెంట్రుకవాసి హాని లేదని మనకు గట్టిగా తెలుసు. పక్కనున్న మనిషి మాత్రం దానివల్ల ఆకాశం విరిగి మీద పడుతుందని నమ్ముతాడు, తెల్లార్లూ జాగారం చేస్తాడు. ఆ భయానికి ఆధారం లేదు, పోయిన నిద్ర మాత్రం నిజం. దాన్ని ఎవరి పద్దులో రాయాలి?

ఈ సందేహం నన్ను పట్టుకున్నది మలేషియా అడవిలో. కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, "మామయ్యా, జంట టవర్లు అందరూ చూస్తారు, నిన్ను అడవికి తీసుకెళ్తా పద" అని తమన్ నెగారాకు బయల్దేరదీశాడు. జెరంతుత్ దాకా రోడ్డుకు రెండువైపులా ఆయిల్‌పామ్ తోటలే. జంగారెడ్డిగూడెం వైపువాణ్ణి కాబట్టి ఆ దృశ్యం నాకేమీ కొత్తగా అనిపించలేదు. అసలు అడవి తెంబెలింగ్ నది మీద పడవెక్కాక మొదలవుతుంది. పహాంగ్, కెలంతాన్, తెరెంగాను రాష్ట్రాల్లో 4,343 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. 13 కోట్ల ఏళ్ల నాటి అడవి అని బ్రోచర్లన్నీ ఊదరగొడతాయి. అంత పెద్ద అంకె విన్నాక మనిషికి ఏ భావమూ కలగదు. షూలోకి జలగ దూరితే కలుగుతుంది.

గైడు మలయ్ కుర్రాడు, హుషారైనవాడు. సామాన్లు మోయడానికీ దారి చూడటానికీ బతేక్ మనిషి ఒకాయన వెంట వచ్చాడు. బతేక్‌లంటే ఆ అడవిలోనే తరతరాలుగా తిరుగుతూ బతుకుతున్న జనం. మొత్తం కలిపితే 1,500 మంది ఉంటారేమో. పడవ దిగగానే గైడు జాగ్రత్తలు చెప్పాడు: పొద్దున షూ దులిపి వేసుకోండి, బెత్తపు తీగల ముళ్లు చూసుకోండి, సాక్సులు పైకి లాక్కోండి. ఆఖర్న, జంతువుల్ని చూసి నవ్వకండి అన్నాడు. ఆ మాటకే అందరూ నవ్వారు.

బతేక్‌ల లెక్కలో ఇది ఆషామాషీ విషయం కాదు. జంతువుల్ని వెక్కిరించడం, జలగతో ఆటలాడటం, కోతిని మనిషిలా ముస్తాబు చేసి నవ్వుకోవడం నిషిద్ధం. చేస్తే గోబర్ అనే ఉరుముల దేవుడు గాలివాన పంపుతాడు. పైనుంచి పిడుగులు, కిందనుంచి భూమిని కరిగించేసే వరద. భూమి కింద ఒక నాగుంటుందట, మనకు పరిచయమైన పేరే. అపచారం చేసినవాడు తన కాలిమీద గాటు పెట్టుకుని, ఆ నెత్తురు నీళ్లలో కలిపి ఆకాశంవైపు చల్లితేగాని తుఫాను తగ్గదు. కిర్క్ ఎండికాట్ అనే మానవశాస్త్రవేత్త 1979లోనే వీళ్ల మతం మీద పుస్తకం రాశాడు, అందులో ఇదంతా ఉంది. ఇదే జనం ఇపో చెట్టు పాలు పూసిన పుల్లని వెదురు గొట్టంలో పెట్టి ఊది, కొమ్మమీది కోతిని కొట్టి కాల్చుకు తింటారు. దానికి గోబర్ ఏమీ అనడు. చంపవచ్చు, నవ్వకూడదు. మనం సరిగ్గా తిరగేసి బతుకుతున్నాం. చంపితే కేసు, నవ్వితే వీడియో.

ముందు రాత్రి కెపాయాంగ్ బెసార్ గుహలో డేరాలు వేసుకున్నాం. గుహ గురించి చెప్పుకోవడానికి గబ్బిలాల కంపు తప్ప పెద్దగా ఏమీ లేదు. మర్నాటి రాత్రి బుంబున్ కుంబాంగ్‌లో. అది స్తంభాల మీద నిలబెట్టిన గది. లోపల చెక్కమంచాలు, ముందువైపు పొడుగాటి కిటికీ, ఎదురుగా జంతువులు ఉప్పుమట్టి నాకడానికి వచ్చే బయలు. దీపాలార్పి మాట్లాడకుండా కూర్చోవాలి. ఎలుకలు సంచులు కొరుకుతుంటే వింటూ కూర్చున్నాం. ఏ ఝామో తెలియదు, గైడు నా భుజం తట్టి టార్చి వేశాడు.

టేపిర్. ముందు నల్లటి తల, వేలాడే చిన్న తొండం. ఇంకొంచెం వెలుగులోకి వస్తే నడుమంతా తెల్లగా, మళ్లీ కాళ్లు నల్లగా. ఏనుగు తమ్ముడిలా ఉంటుంది గానీ దీని చుట్టరికం ఖడ్గమృగంతోనూ గుర్రంతోనూ. అది తాపీగా తొండం ఎత్తి గాలి వాసన చూసింది. మా మేనల్లుడు నా చెవిలో, "స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని వచ్చినట్టుంది కదూ మామయ్యా" అన్నాడు. అనేసి, ఇంక ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు పక్క మంచానికీ అవతలి మంచానికీ అంటుకుంది. టేపిర్ వినలేదో, వినిపించినా లెక్కచెయ్యలేదో, ఉప్పుమట్టి నాకి నింపాదిగా వెళ్లిపోయింది.

బతేక్ మనిషి లేచాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఆకాశాన్ని కాదు, గది మీదికి వంగిన చెట్టును చూశాడు. చాలాసేపు చూశాడు. కాసేపటికి వాన అందుకుంది, గాలి కూడా. అందరూ పడుకున్నారు. నాకు మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన తలుపు దగ్గర మోకాళ్లు ముడుచుకుని కూర్చునే ఉన్నాడు. ఎక్కడో దూరంగా ఒక చెట్టు కూలిన చప్పుడు వినిపించింది. ఆయన మెడ అటు తిరిగింది. తెల్లారాక అందరి సామాన్లూ ఎత్తుకుని ఎప్పట్లాగే ముందు నడిచాడు.

వాన తరచూ పడే అడవది. నవ్వినా పడుతుంది, ఏడ్చినా పడుతుంది. మాటిమాటికీ రుజువయ్యే నమ్మకాన్ని ఎవరు మాత్రం వదులుకుంటారు? ఇక్కడ నా వాదన బలంగానే ఉంది. బతేక్‌లు ప్రకృతిని గౌరవిస్తారు, అందుకే నవ్వరు అనే తియ్యటి మాట నాకు పనికిరాదు. అడవిబిడ్డలు అనే మాటంటే నాకు ఒళ్లుమంట. పెద్దవాళ్లను బిడ్డలనడం ఏమిటి? ఇంకోటి, మనవాళ్లకు బాగా అలవాటైనది: ప్రతి ఆచారం వెనకా ఒక సైన్సు తవ్వి తీయడం. అడవిలో నవ్వితే పులి వింటుంది, అందుకే పెద్దలు వద్దన్నారు అని ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. పసుపు క్రిమిసంహారిణి, గడపకు నమస్కారం వెన్నెముకకు వ్యాయామం. ఆచారాన్ని కాపాడాలనుకునేవాళ్లు దాన్ని ఆచారంగా ఎందుకు మిగలనివ్వరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అయితే ఈ సందేహం నాకు అక్కడ పుట్టి ఉండకూడదు. ఇంతకంటే పెద్ద భయాన్ని నా చేతులతో నేనే పుట్టించాను, దానికి ఇప్పటికీ చింత లేదు.

1995 అక్టోబరు 24, దీపావళి మర్నాడు. పొద్దున్నే సూర్యగ్రహణం. మా చెల్లెలికి నెలలు నిండుతున్నాయి, పుట్టింట్లో ఉంది. మా నాయనమ్మ దాన్ని తెల్లారకముందే మధ్యగదిలో పడుకోబెట్టి, కిటికీలు మూసి, తలుపు దగ్గర తను కూర్చుంది. కదలకూడదు, గోకకూడదు, కాలు ముడవకూడదు, మంచినీళ్లు తాగకూడదు. గీరితే బిడ్డకు మొర్రి. చెల్లెలు దాహం దాహం అంటోంది. నాకప్పుడు హేతువాదం కొత్త, నెత్తికెక్కి ఉంది. కాఫీ కలిపి, నాయనమ్మను దాటుకుని లోపలికి పోయి, తలుపు బార్లా తెరిచి, కప్పు చెల్లెలి చేతికిచ్చాను. అది నా మొహం, నాయనమ్మ మొహం చూసి గటగటా తాగేసింది.

నాయనమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. "ఒరేయ్, బిడ్డకేమన్నా అయితే ఆ పాపం నీదేరా, ఏడేడు జన్మలు పోదు" అంది. నేనూ ఊరుకోలేదు. మొర్రి పుట్టిన ప్రతి బిడ్డ తల్లినీ జీవితాంతం దోషిని చేస్తున్నది నీలాంటివాళ్లే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. పురుడొచ్చేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు, సరిగా నిద్రపోనూలేదు. రాత్రిళ్లు లేచి చెల్లెలి మంచం దగ్గర కూర్చునేది. బిడ్డ పుట్టాక మొదట చూసింది పెదవే. పెదవి చక్కగా ఉంది. టేపిర్‌ని చూసి నవ్విన పెదవి అదే.

అంటే ఒక ముసలావిడకు వారాల తరబడి నిద్ర లేకుండా చేసి నిశ్చింతగా ఉన్నవాణ్ణి, ఒక పరాయి మనిషి ఒక్క రాత్రి జాగారం చేస్తే ఎందుకు ఇంతలా గింజుకుంటున్నాను?

వాళ్ల సంస్కృతి వాళ్లది, మనం వేలు పెట్టకూడదు అనేది తేలికైన జవాబు. దీన్ని నేను నమ్మను. నిజం మా చెల్లెలికి అవసరమై, ఆయనకు అవసరం లేకపోవడం ఏమిటి? మా నాయనమ్మ నమ్మకం మూఢం, ఆయనది సంస్కృతి అయితే, ఆయన్ను నేను అద్దాల బీరువాలో పెట్టినట్టే. వాదించడానికి కూడా పనికిరాడని తీర్మానించినట్టే. అడవిబిడ్డ అన్నవాణ్ణి తప్పుపట్టి, చివరికి నేనూ ఆ గూటికే చేరతాను.

గర్భిణిని బంధించే నమ్మకం హాని చేసేది, నవ్వు వద్దనే నమ్మకం చెయ్యనిది అనవచ్చు. కొంతవరకు సరే. కానీ అడవి గుడారాల మధ్య ఎవడో నవ్వాడని అనుమానించి, వాడి కాలిమీద గాటు పెట్టించే దాకా వెళ్లే నమ్మకం అంత అమాయకమైనదేమీ కాదు.

పోనీ, ఆయన భయం పూర్తిగా ఆధారం లేనిదేనా? వానల అడవిలో మట్టి పైపొర పల్చన. పెద్ద చెట్టుకైనా చాలావరకు వేళ్లు లోతుకు దిగవు, పక్కలకు పలకల్లా సాగుతాయి. నానిన నేలమీద గాలి కొడితే కూలుతుంది. గాలివానలో చెట్లు మీద పడి చావడం బతేక్‌లకు కథ కాదు, అనుభవం. కారణం తప్పైనా ప్రమాదం ఒప్పే. ఆయన తప్పు నమ్మకం ఆయన్ను తల పైకెత్తి చెట్టును చూసేలా చేసింది. నా సరైన జ్ఞానం ఆ చెట్టు కిందే నన్ను గుర్రుపెట్టి నిద్రపోనిచ్చింది. ఇలా రాస్తుంటే తెలిసొస్తోంది, నేను కూడా ఆచారం వెనక సైన్సు తవ్వుతున్నాను. అటువంటివాళ్లనే కదా కాసేపటి కింద ఎగతాళి చేశాను. అందుకని ఈ దారి కూడా మూసేస్తున్నాను. ఆయన భయం నిజమా అబద్ధమా అన్న దగ్గర నా సందేహం తీరేట్టు లేదు.

ఆ నడకలోనే ఒక బతేక్ గుడిసెల దగ్గర ఆగాం. బెత్తం నారతో నిప్పు పుట్టించి చూపించారు, వెదురు గొట్టం మా చేతికిచ్చి ఊదమన్నారు. నేనూదిన పుల్ల నా కాళ్ల ముందే పడింది. ఆడవాళ్లూ పిల్లలూ విరగబడి నవ్వారు. మనుషుల్ని చూసి నవ్వడానికి గోబర్ అభ్యంతరం లేదు కాబోలు. ఆ నవ్వులో నాకు ఎంతో తేలిగ్గా అనిపించింది. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది: ఆ కాసేపూ మేం సమానం. గది చీకట్లో అలా లేదు. అక్కడ ఆయన కూలికి వచ్చిన మనిషి, మేం రింగిట్లు కట్టినవాళ్లం. మా నాయనమ్మ నన్ను తిట్టింది, శాపం పెట్టింది, అన్నం పెట్టనంది. నేను ఎదురు చెప్పాను. ఆవిడ భయాన్ని నేను తొక్కాను గానీ, ఆవిడ చేతిలో నాకు దక్కాల్సింది దక్కింది. బతేక్ మనిషి నోరు మూసుకోండి అని అనగలడా? అంటే మళ్లీ పడవ ఎక్కనిస్తారా?

వాళ్లు చెప్పినప్పుడు విన్నదెవరు? లై టక్-పో అనే మలేషియా పరిశోధకురాలు పహాంగ్ బతేక్‌లతో ఉండి 2004లో ఒక పుస్తకం తెచ్చింది. అడవి పోతే లోకమే కూలిపోతుందని వాళ్లు ఆమెతో చెప్పారు, ఆ మాట బయటివాళ్లకు చేరవేయమన్నారు. 2019లో కెలంతాన్ వైపు కువాలా కో అనే ఊళ్లో బతేక్‌లు వరసగా చనిపోయారు, పదిమందికి పైగానే. గని వల్ల నీళ్లు చెడ్డాయని ఊరివాళ్లన్నారు. తట్టు అని ప్రభుత్వం తేల్చింది. ఏది ఎంతవరకు కారణమో అలా ఉంచి, వాళ్ల భయం ఎవరి చెవికైనా ఎక్కాలంటే ముందు చావులు లెక్కకు రావలసి వచ్చింది.

కాబట్టి నా తీర్పు ఇది. భయం మూఢమా కాదా అన్నది రెండో ప్రశ్న. భయపడ్డ మనిషి మనల్ని ఎదురు తిట్టగలడా అన్నది మొదటిది. తిట్టగలిగిన నాయనమ్మ ముందు కాఫీ తాగించడం న్యాయమే, రేపు మళ్లీ తాగిస్తాను. తిట్టలేని కూలిమనిషి పక్కన కిసుక్కుమనడం దౌర్జన్యం, గోబర్ లేకపోయినా సరే. మా మేనల్లుడు దీన్ని ఒప్పుకోలేదు. "నవ్వు వస్తే ఏం చెయ్యను మామయ్యా, అది దౌర్జన్యం ఎట్లా అవుతుంది" అంటాడు. వాడూ తిట్టగలిగినవాడే కాబట్టి వాడితో ఇంకా తేల్చుకోవలసింది ఉంది.

తమన్ నెగారా వెళ్లేవాళ్లకు ఒక మాట. టేపిర్‌ని చూస్తే నవ్వొస్తుంది, ఎంతటివాడికైనా వస్తుంది. పక్కన బతేక్ మనిషి ఉంటే ఆపుకోండి. మీతో గొడవ పెట్టుకునేంత చనువు ఆయనకు మీ దగ్గర ఏర్పడితే మాత్రం నవ్వండి, ఆయన తిడితే పడండి, ఆ తర్వాత గోబర్ ఉన్నాడో లేడో ఇద్దరూ కూర్చుని వాదించుకోండి.