మూత వేయని గొయ్యి

ధ్యానమునకు: నిర్గమకాండము 21:33-34; లూకా 19:1-10



ఒక మనుష్యుడు తాను మోసపోవుచున్నానని యెరుగక, ఆ మోసములోనికే తన పొరుగువానిని పిలుచుకొని వచ్చెననుకొందము. అతని మీద దోషమున్నదా, లేదా? ఈ నెల ఈ ప్రశ్నను మీ యెదుట పెట్టుచున్నాము. ఇది మేము సెమినరీలో చదువుకొన్న ప్రశ్న కాదు. చిన్న మంగళారములో మా వాకిటికి నడిచి వచ్చిన ప్రశ్న.

రెండు వానకాలముల క్రిందట, మన సంఘములోనే పెరిగి పట్నములో ఉద్యోగము చేసికొనుచున్న ఒక యౌవనుడు మా యొద్దకు వచ్చి, ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట పది నిమిషములు మాటలాడుటకు సెలవు అడిగెను. క్రొత్త క్రిప్టో నాణెము ఒకటి రానున్నదనియు, అది బజారుకు రాకమునుపే కొన్నవారికి ఏడాదిలో పదింతలగుననియు చెప్పెను. ఆ సంగతి మాకు బోధపడలేదు. బోధపడలేదని చెప్పుటకు సిగ్గుపడితిమి. పిల్లవాడు మంచివాడు, తండ్రి సంఘపెద్ద. కాబట్టి సరే అంటిమి. గుడి వసారాలో కుర్చీలు వేయించితిమి. అతడు మాటలాడి ముగించిన తరువాత అలవాటు చొప్పున ప్రార్థన కూడ చేసితిమి.

మూడు కుటుంబములవారు డబ్బు పెట్టిరి. వారిలో ఒకామె విధవరాలు. ఆకుకూరలు, టమాటాలు గంపకెత్తుకొని మొయినాబాదులో అమ్మి, కూతురి పెండ్లికి నలుబది వేలు కూడబెట్టుకొన్నది. కొన్ని నెలలు ఫోనులో ఆ నలుబది వేలు లక్షయై, రెండు లక్షలై కనబడెను. పెండ్లి కుదిరినప్పుడు తీసికొనబోగా, ముందుగా పన్ను కట్టవలెననిరి. అప్పు చేసి పదివేలు కట్టెను. ఆ మరుసటి వారము ఆ యాపు తెరుచుకొనలేదు. మేము పరామర్శింప వెళ్లినప్పుడు ఆమె యేడువలేదు, మమ్మును తిట్టనులేదు. "ఆ పిలగాని మొకం జూసి పెట్టలే అయ్యగారూ. మీరు ప్రార్థన జేసిన్రు గదా అని పెట్టిన" అనెను. ఆ మాట నేటివరకు మమ్మును విడువలేదు.

క్రిప్టో నాణెమనగా చేత పట్టుకొను నాణెము కాదు. లోకమందంతట అనేక కంప్యూటర్లలో ఉంచబడిన ఒక లెక్కల పుస్తకములోని అంకె. వీటిలో మొదటిదగు బిట్‌కాయిన్ 2009లో బయలుదేరెను. ఇట్టివాటన్నిటిని మోసమని మేము చెప్పుట లేదు. మన దేశములో రిజర్వు బ్యాంకు 2018లో బ్యాంకులను వీటితో లావాదేవీలు చేయవద్దని ఆజ్ఞాపించగా, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ యాజ్ఞను కొట్టివేసెను. 2022లో ప్రభుత్వము వీటి లాభము మీద నూటికి 30 వంతుల పన్ను విధించెను. "సర్కారు పన్ను తీసికొనుచున్నది గదా, ఇక భయమేమి?" అని కొందరందురు. పన్ను వేయుట వేరు, పూచీ పడుట వేరు. బ్యాంకులో దాచిన సొమ్ముకు అయిదు లక్షల రూపాయల వరకు భీమా కలదు. ఈ నాణెములకు ఎవరి పూచీయు లేదు.

అందులోను క్రొత్తగా పుట్టు నాణెముల సంగతి మరి జాగ్రత్తగా చూడవలెను. మన ప్రాంతమువారు ఒక గుంట భూమి కొనవలెనన్నను పహాణీ చూతురు, సర్వే నంబరు అడుగుదురు, హద్దురాళ్ల వెంట నడుతురు, ఇరుగుపొరుగు రైతులను విచారింతురు. ఈ నాణెమునకు హద్దురాయి యేది? తెలిసినవాడు ఒక్కరోజులో, కొద్ది ఖర్చుతో, కోట్ల కొలది నాణెములు పుట్టించగలడు. ఎక్కువ పాలు తనయొద్ద నుంచుకొని, మిగిలినవి అమ్మకమునకు పెట్టి, పొగడువారికి కూలి ఇచ్చి పొగిడించును. కొనువారు పెరిగినకొలది ధర లేచును. అప్పుడతడు అందరి సొమ్మును ఊడ్చుకొని పోవును. 2021లో స్క్విడ్ అను పేరుగల నాణెమొకటి ఇట్లే లేచెను. పేరుపొందిన ఒక టీవీ కథ పేరు దానికి పెట్టిరి. కొద్ది దినములలోనే దాని ధర రెండువేల ఎనిమిదివందల డాలర్లు దాటి, క్షణములలో సున్నకు పడిపోయెను. కొన్నవారు చాలమంది దానిని అమ్ముకొనలేకపోయిరి.

బల్గేరియా దేశములో 2014లో మొదలైన వన్‌కాయిన్ సంగతి మరియొకటి. రూజా ఇగ్నటోవా అను స్త్రీ దానిని నడిపెను. లోకములోని అనేక దేశములవారు దానిలో కోల్పోయినది నాలుగువందల కోట్ల డాలర్లని అమెరికా అధికారులు లెక్కకట్టిరి. ఆమె 2017 అక్టోబరులో మాయమాయెను. మన దేశములో గెయిన్ బిట్‌కాయిన్ అనునది నెలకు నూటికి పది చొప్పున పదునెనిమిది నెలలు ఇచ్చెదమని చెప్పి వేలమందిని చేర్చుకొనెను. దాని ముఖ్యుడు 2018లో అరెస్టయ్యెను. మన తెలంగాణలోనే, 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ అను గొలుసు వ్యాపారము విషయమై పోలీసులు కొందరిని పట్టుకొనగా, వారిలో ప్రభుత్వోద్యోగులును ఉండిరి. నాణెమను మాట క్రొత్తదే గాని గొయ్యి పాతది. అగ్రిగోల్డ్ సంస్థ భూమిని, రెట్టింపు సొమ్మును చూపి సుమారు 32 లక్షల మందియొద్ద 6,380 కోట్ల రూపాయలు తీసికొన్న సంగతి మన పెద్దలు మరచిపోలేదు.

మాకు ఎక్కువ భయము పుట్టించినది అమెరికాలోని డెన్వరు పట్టణపు సంగతి. అక్కడ ఒక పాస్టరును, ఆయన భార్యయు ఇండెక్స్‌కాయిన్ అను నాణెము పుట్టించి, ముఖ్యముగా విశ్వాసులకే అమ్మిరని 2024 జనవరిలో కొలరాడో రాష్ట్రపు అధికారి దావా వేసెను. మూడువందల మందికి పైగా ముప్పదిరెండు లక్షల డాలర్లు పెట్టిరనియు, ఆ నాణెము విలువ లేనిదనియు ఆ దావా సారాంశము. దేవుడే తనకు చెప్పెనని ఆ పాస్టరు జనులతో చెప్పుచుండెను. ఆయనను విమర్శించుట మాకు సులభమే. అయితే గుడి వసారాలో మేము చేసిన ప్రార్థన, ఆ విధవరాలి చెవులకు వేరుగా వినబడెనా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న విధి కలదు. ఒకడు గొయ్యి త్రవ్వి మూత వేయక విడిచినందున పొరుగువాని యెద్దు దానిలో పడి చచ్చినయెడల, త్రవ్వినవాడు దాని వెల చెల్లింపవలెను. అతనికి ఆ యెద్దు మీద పగ యున్నదా అని ధర్మశాస్త్రము అడుగలేదు. గొయ్యి ఎవరు తెరచిరని మాత్రమే అడిగెను. అయినను ఆ ధర్మశాస్త్రమే, ఎద్దును దొంగిలించి అమ్మినవాడు అయిదెద్దులు ఇయ్యవలెనని చెప్పుచున్నది. గొయ్యి మూయనివాడు ఒక్కదాని వెల ఇచ్చిన చాలును. అనగా తెలియక చేసినవానికిని తెలిసి చేసినవానికిని భేదమున్నది. అయితే తెలియక చేసినవాడు ఏమియు బాకీ లేనివాడని మాత్రము లేదు. ఆ యౌవనుడు దొంగ కాడు. తన జీతపు సొమ్మును అతడును పోగొట్టుకొనెను. కాని ఒక్కొక్కరిని చేర్చినందుకు అతనికి కమీషను వచ్చెను. ఆ కమీషను ఎక్కడనుండి వచ్చినది? గంపలోని టమాటాలనుండి వచ్చినది.

"ఆశకు పోయినది, అనుభవించినది" అని ఆమెను గూర్చి కొందరనిరి. అప్పు లేకుండ కూతురి పెండ్లి చేయగోరుట దురాశ యగునా? తన కాపరిని నమ్ముట పాపమగునా? అట్లు మాటలాడువారు నష్టపోయినదాని మీదనే నేరము మోపి, తాము తప్పించుకొనుచున్నారు. అయితే ఆమెకు గాని మనకు గాని పనికివచ్చు మాట యొకటి కలదు. లాభము కనబడినప్పుడు, అది ఏ పొలములో పండినది, ఏ చేతిపని వలన కలిగినది అని అడుగవలెను. పంట లేదు, పని లేదు, సరకు లేదు. అయినను సొమ్ము పెరుగుచున్నదని చెప్పినయెడల, అది మన తరువాత చేరినవాని జేబునుండి రావలసినదే. ముందుగా చేరి, లాభముతో బయటపడి, "మేము తెలివిగలవారము" అని చెప్పుకొనువాడు కూడ ఈ లెక్కలో శుద్ధుడు కాడు. తాను పడలేదు గాని, తనకు వచ్చినది పడినవాని సొమ్మే.

జక్కయ్య నోటి మాటతో విచారపడి ఊరకుండలేదు. తీసికొన్నది తిరిగి ఇచ్చెదనని నిలువబడి చెప్పెను. ఆ మాట ఎరిగియు మేము మూడు వారములు మౌనముగా నుంటిమి. నాలుగవ ఆదివారమున ఆ యౌవనుడును మేమును సంఘము ఎదుట నిలువబడి జరిగినది చెప్పితిమి. అతడు తనకు వచ్చిన కమీషనును ఆ మూడిండ్లకు పంచి ఇచ్చెను. మేము మా జీతములోనుండి నెలనెలా కొంత ఆమెకు ఇచ్చుచున్నాము. అది ఇంకను తీరలేదు. దానివలన పోయిన పెండ్లి ముహూర్తము తిరిగి రాలేదు. పోలీసులకు కూడ తెలిపితిమి గాని ఆలస్యముగా తెలిపితిమి. ఇకమీదట గుడిలోను, గుడి ఆవరణములోను, ఎవరును ఏ సొమ్ము వ్యవహారమును ప్రకటింపకూడదని సంఘపెద్దలు తీర్మానించిరి.

కాబట్టి ఎవరైనను క్రొత్త నాణెముతో మీ గడపకు వచ్చినయెడల ఈ నాలుగు అడుగుడి. దీనిని నడుపువాని పేరు, చిరునామా ఏమి? లాభము ఏ పనివలన వచ్చుచున్నది? పెట్టిన సొమ్మంతయు నేడే వెనుకకు తీసికొనవచ్చునా? ఇంకొకరిని చేర్చినయెడల నాకు డబ్బు ఇత్తురా? ఈ కడపటి దానికి అవునని చెప్పినయెడల లేచి రండి. మనుష్యులను చేర్చి సొమ్ము త్రిప్పు పథకములను మన దేశపు చట్టము 1978లోనే నిషేధించెను. ఇదివరకే మోసపోయినవారు సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. గంటలు గడచినకొలది సొమ్ము చేతులు మారిపోవును. పోయినది తెచ్చి ఇచ్చెదము, ముందుగా రుసుము కట్టుడి అని వచ్చువారిని నమ్మకుడి. అది రెండవ గొయ్యి.

బీజాపూరు దారిలోని మర్రిచెట్లను మీరందరును ఎరుగుదురు. వాటిని నాటినవారు వాటి నిండు నీడను చూచియుండరు. కొద్దికొద్దిగా కూర్చుకొన్నది పెరుగునని సామెతల గ్రంథకర్త చెప్పిన మాటకు అవి సాక్ష్యములుగా నున్నవి.

సోదరులారా, మీలో ఎవరైనను పొరుగువానిని ఇట్టి దానిలో చేర్చినవారున్నయెడల, "నాకును తెలియదు" అని చెప్పి తలుపు మూసికొనకుడి. ఆ యింటికి వెళ్లుడి. ఏమి చెప్పవలెనో తోచనియెడల మాతో చెప్పుడి; మీతోకూడ వచ్చెదము. ఆ దారి మాకు తెలిసినదే.

ప్రభువు మనకందరికి మెలకువగల మనస్సును, బాకీ తీర్చు ధైర్యమును అనుగ్రహించును గాక. ఆమేన్.