వీథికన్ను

వీథి యందఱిది, కావున వీథిలో నడచువాని ముఖమును అందఱిదే యని కొందఱు వాదింతురు. ఈ వాదములో మొదటి భాగము మాకు సమ్మతము, రెండవది కాదు.

అరుగుమీద కూర్చుండి వచ్చిపోవువారిని చూచు ముసలమ్మను ఎవరును తప్పుపట్టరు. ఆమె మనలను చూచును, మనమామెను చూతుము. చూపు మితిమీఱెనా, "ఏమమ్మా, అట్లు చూచెదవు?" అని యడుగవచ్చును. స్తంభమున కెక్కించిన కెమెరాను అట్లడుగుట యెట్లు? దాని వెనుకనున్నది యొక్కడో, వేయిమందియో, పొరుగింటివాడో, ద్వీపాంతరవాసియో తెలియదు. చూచువానిని మనము చూడలేకపోవుటయే యిందలి యన్యాయమునకు మూలమని మా యభిప్రాయము.

చెక్ దేశమున జరిగిన యొక వ్యాజ్యెము ఇచ్చట స్మరింపదగినది. ఒక గృహస్థుని యింటి కిటికీలను దుండగులు పలుమాఱులు పగులగొట్టిరి. అతడు చూరుక్రింద కెమెరా నమర్చెను. అది 2007 అక్టోబరు మొదలు 2008 ఏప్రిలు వఱకు అతని వాకిలినే గాక, బాటను, ఎదురింటి గుమ్మమును గూడ చిత్రించెను. ఆ చిత్రములవలన ఇద్దఱు అనుమానితులు తెలియవచ్చిరి. వారిలో నొకడు, తన్నట్లు చిత్రించుట చట్టసమ్మతమా యని యెదురుతిరిగెను! "దొంగకు ధర్మశాస్త్రమేల?" అని పాఠకులు నవ్వవచ్చును. ఐరోపా న్యాయస్థానము నవ్వలేదు. బహిరంగస్థలమును చూచు కెమెరాను కేవల గృహకృత్యముగా నెంచి చట్టమునుండి తప్పింపరాదని 2014 డిసెంబరు 11వ తేదీన తీర్పుచెప్పెను. ఇల్లును, ప్రాణములను కాపాడుకొనవలసిన గృహస్థుని యక్కఱను గూడ తూచవచ్చుననియు చెప్పెను. ఆ తీర్పు రక్షించినది అనుమానితుని కన్న ఎదురింటివారినని మేము తలంతుము. వారే కిటికీని పగులగొట్టినవారు కారు గదా!

నిలువచేయక అప్పటికప్పుడు చూపించు కెమెరా నిరపాయకరమనువారు కలరు. 2018 మే 25 నుండి యమలులోనున్న ఐరోపా నిబంధన ప్రసారమును గూడ సమాచార వినియోగముగానే యెంచుచున్నది. అది యుక్తము. నిలువచేసిన చిత్రమును తుడిచివేయవచ్చును. పరులు చూచినదానిని తుడుచుట యెట్లు? భర్తకు వెఱచి యొక వనిత పుట్టినింటికి పోవు బస్సు కొఱకు కూడలిలో నిలుచున్నదనుకొనుడు. ఆ కూడలిని ఆ భర్తయు తన యింట కూర్చుండి చూచుచుండవచ్చును.

మన దేశమున గోప్యత ప్రాథమికహక్కని తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా నిర్ణయించిరి. 2023లో సమాచార రక్షణ చట్టము వచ్చినది. దేశభద్రతాది కారణములచే ప్రభుత్వసంస్థలను మినహాయించుటకు అందు దారియు వదలిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశపు 2013 నాటి ప్రజాభద్రతా చట్టమో, జనము గుమిగూడు స్థలముల యజమానులు కెమెరాలు పెట్టితీరవలెనని విధించెను. పెట్టుమను శాసనము పదేండ్లు ముందు నడచినది. పెట్టినదానితో నేమి చేయరాదో చెప్పు శాసనము కుంటుచు వెనుక వచ్చినది.

"మీరు కెమెరా నిఘాలో నున్నారు" అని గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయించు వర్తకుడు, ఎవరి నిఘాయో, ఎన్నాళ్లు నిలువయుంచునో, ఎవరి నడుగవలెనో వ్రాయించుటకు మఱి రెండు పంక్తులు వెచ్చింపలేడా?