విద్యాదానమునకు వయోనియమ మున్నదా?

పరలోకగతులైన ఆత్మీయుల పేర దానము చేయుట మన గృహస్థులకు సంప్రదాయసిద్ధమైన ధర్మము. అన్నదానము, జలదానము వలెనే విద్యాదానమును స్మారకముగా నెలకొల్పువారు కలరు. నారాయణగూడలో 1940లో వెలసిన కేశవ స్మారక పాఠశాల కేశవరావు కోరట్కర్ గారి పేరును నేటికిని నిలుపుచున్నది. అయితే ఇట్టి దానమునకు పాత్రులెవరు? చిన్న వయస్సువారు మాత్రమేనా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో నుండి కాక ఇంటిలో నుండి వచ్చినది. అశోక్ నగర్‌లో మేము కాపురముండగా, అమ్మాయి కళాశాలలో చేరిన యేడు, ఏడవ తరగతితో చదువు మానిన నా ధర్మపత్ని సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా చదువుకొందునని అడిగినది. అప్పటి కామెకు నలుబది రెండేండ్లు. “ఈ వయస్సులో పరీక్షలేమిటి? రామకోటి వ్రాసికొనరాదా?” అంటిని. ఆమె రామకోటి వ్రాసినది. చదువు మాట మరల ఎత్తలేదు.

ఆమె గతించిన పిమ్మట ఆమె పేర ఏటేటా ఒక విద్యార్థివేతనము నీయదలచి, ప్రథమ స్థానము పొందిన విద్యార్థిని కిత్తమంటిని. అమ్మాయి, “నాన్నగారూ! అమ్మ చదువు మధ్యలో ఆగిపోయినది కదా. అటువంటి వారికే ఇవ్వరాదా?” అన్నది. నాకు వెంటనే మాట రాలేదు.

పూర్వపక్షము లేకపోలేదు. ధనము స్వల్పము, పిన్నవానికిచ్చిన విద్య దీర్ఘకాలము ఫలించును, నడివయస్సువారికి ఫలించు దినములు తక్కువ. వ్యాపారములో ఈ లెక్క చెల్లును. కాని గీతాచార్యుడు సాత్త్వికదానమునకు దేశము, కాలము, పాత్రము చూడుమని, ప్రత్యుపకారము కోరవద్దని చెప్పెనే గాని, గ్రహీత ఆయుశ్శేషమును గణింపుమనలేదు. జిజ్ఞాస కలిగిన క్షణమే విద్యకు తగిన కాలము. పరీక్షిత్తునకు మిగిలినవి ఏడు దినములే. శుకమహర్షి భాగవతమును కుదించి చెప్పలేదు. మధురకవి ఆళ్వారు తనకంటె పిన్నవారైన నమ్మాళ్వారుల నాశ్రయించి శిష్యుడైనాడు.

అది మోక్షవిద్య, ఇది ఉదరపోషణకైన చదువు కదా అందురేని, లౌకికముననే చూతము. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయమ్మగారికి ఎనిమిదవ యేట వివాహమైనది. ఆమె ఇరువదేండ్లు దాటిన తరువాత మెట్రిక్యులేషన్ చదివి, 1942లో న్యాయశాస్త్ర పట్టము పొంది, రాజ్యాంగసభలో సభ్యురాలైనారు. ఆమె అధ్యక్షురాలైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, చదువు మానిన స్త్రీలకై 1958లో సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించినది. 1982లో మన హైదరాబాదు నగరమున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, పాఠశాల పట్టము లేనివారికిని అర్హతపరీక్ష ద్వారా డిగ్రీ చదువునకు త్రోవ చూపినది. ద్వారము తెరువబడియే యుండెను. అడ్డుకొనినది మన నోటిమాట.

ఇట్టి వేతనమిచ్చువారు కొన్ని గమనింపవలెను. సంసారభారము మోయుచు చదువువారికి పరీక్షరుసుము ఒక్కటే ఖర్చు కాదు. బస్సు ఛార్జీలు, పుస్తకములు, పరీక్ష దినములలో పసిబిడ్డను చూచుకొనువారికిచ్చు కూలి, ఇవన్నియు ఖర్చులే. ర్యాంకు నియమము పెట్టరాదు. ఒకసారి తప్పినంత మాత్రమున ఆపరాదు. వేదికపై నిలిపి వారి కష్టములు చెప్పించుట దానము కాదు, విక్రయము.

మా అమ్మాయి మాట ప్రకారమే ఏర్పాటు చేసితిమి. దానివలన నా దోషము తొలగినదని అనుకొనుట లేదు. ఫలము పొందువారు వేరు, నిరాకరింపబడినది వేరొకరు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము మీదుగా పోవునపుడు, ఆ పుస్తకముల నడుమ ఆమె కూర్చుండవలసినది కదా యని మనస్సు కలుక్కుమనును. కావున గృహస్థులకు నా విన్నపము: గతించినవారి పేర వేతనములు స్థాపింపుడు, మంచిదే. కాని దానికి ముందు, మీ ఇంటిలో జీవించియున్న వారికి చదువుకొనవలెనని ఉన్నదేమో ఒక్కసారి అడుగుడు.