కాంటా కాడ పది రోజులు

హుజూర్‌నగర్ దగ్గరి ఊళ్లో ఒక పిల్లగాడు ఉండేవాడు. మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. కడుపు కట్టుకుని లక్షన్నర వెనకేశాడు. ఇక సొంతంగా ఏదన్నా పెట్టుకోవాలి. ఏది పెట్టాలో మాత్రం తేలలేదు. ఒకరు చికెన్ సెంటరన్నారు, ఇంకొకరు కర్రీ పాయింటు పెడితే తిరుగుండదన్నారు. అతని మనసు సెల్‌ఫోన్ల దుకాణం మీదికి పోయింది. మెయిన్‌రోడ్డు మీద వాటిల్లో ఎప్పుడు చూసినా జనమే మరి. మడిగె చూసుకున్నాడు, అడ్వాన్సు ఇవ్వడమే తరువాయి.

ఆ మాట మేనత్త చెవిన పడింది. ఆమె మహిళా సంఘంలో ఉంది. కోతలప్పుడు ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం ఆ సంఘమే నడుపుతుంది.

"అల్లుడా, అడ్వాన్సు పది రోజులాగి ఇయ్యి. అందాక నా ఎంట కాంటా కాడికి రా."

"ఆడ నాకేం పని అత్తా?"

"పనేం లేదు. ఎవరికి ఏం దొరకట్లేదో చూడు, చాలు."

వెళ్లాడు. మిషను కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా పెడతారు. మీటరు 20 చూపిస్తే రైతు మళ్లీ రోడ్డు పక్కన పరిచి, కాళ్లతో సాళ్లు తీస్తూ ఎండబెట్టుకోవాలి. మూడో నాటి సాయంత్రం మబ్బు లేచింది. అందరూ ఒక్కసారే కుప్పల మీదికి ఉరికారు. ఒక ముసలి రైతు కిరాయికి తెచ్చిన పట్టా విప్పితే నడుమ చేయి దూరేంత చిరుగు. దాని కింద యూరియా సంచులు కుక్కి, వాన ఆగేదాకా ఆ చిరుగు మీద తానే కూర్చున్నాడు. పక్క కుప్పకు ఆ పట్టా కూడా లేదు. నాలుగు రోజులకు దాని అడుగున మొలకలొచ్చాయి.

"కొనుక్కోరాదా పెద్దయ్యా?"

"పంటకు పదిహేను రోజుల ముచ్చట. కొని యాడ దాయాలె బిడ్డా, ఎలుకలు ఉంచుతయా? మంచిది దొరికితే కిరాయి ఇంకో పది రూపాయలు ఎక్కువైనా ఇస్త."

పిల్లగాడు మడిగె వద్దనుకున్నాడు. ఉన్నదాంట్లో మూడో వంతు పెట్టి గట్టి పట్టాలు కొన్నాడు. ఫ్యాక్టరీ పని మానలేదు. మొదటి పంటకే ఇబ్బంది తెలిసింది. వడ్ల పైసలు ఖాతాలో పడేదాకా రైతు కిరాయి ఇవ్వలేడు. రెండు పట్టాలు తిరిగి రానేలేదు. చిరుగులకు అతుకు వెయ్యడం నేర్చుకున్నాడు, ఇచ్చేటప్పుడు విప్పి చూపించి పేరు రాసుకోవడం మొదలెట్టాడు. 2023లో కృష్ణకు వరద తక్కువై, ఆ యాసంగికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరికి నీళ్లివ్వలేదు. పట్టాలు మడతపెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మడిగె కిరాయి లేదు, అప్పు లేదు, నెలనెలా జీతం ఉంది. ఆ ఏడు గట్టెక్కాడు.

నీతి: వ్యాపారం పెట్టేవాడు ముందు ఊళ్లో తీరని అవసరాన్ని వెతకాలి. అది ఏ ఏడు ఆగిపోతుందో కూడా లెక్కగట్టాలి.

దుకాణం నిండా జనం ఉన్నారంటే ఆ అవసరాన్ని ఎవరో అప్పటికే తీరుస్తున్నారు. పక్కనే ఇంకోటి పెట్టినవాడు ఆ జనాన్నే పంచుకోవాలి, కిరాయి మాత్రం పూర్తిగా కట్టాలి. ఇక లెక్క సంగతి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ ప్రాంతంలో మిల్లు, ట్రాక్టరు, ఎరువుల కొట్టు, చివరికి బట్టల కొట్టు కూడా ఆ నీళ్ల మీదే నడుస్తున్నాయి. 2015లో వచ్చిన ముద్ర పథకంలో శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తనఖా లేకుండా అప్పిస్తారు. మంచిదే. కానీ కాలువ ఎండిన నెలలో కూడా కిస్తీ కట్టాల్సిందే. ఈ లెక్క వెయ్యకుండా మన పిల్లలు మడిగెలకు అడ్వాన్సులు ఇస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే ఏం పెట్టాలని అడిగినవాళ్లకు నేను దుకాణాల పేర్లు చెప్పను. వడ్ల కేంద్రం దగ్గరో, రైస్‌మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారుకట్టే చోటో, తహసీల్దారు ఆఫీసు ముందో కొన్నాళ్లు నిలబడమంటాను. నీడా, తిండా, మిషను విడిభాగమా, దరఖాస్తు రాసిచ్చే మనిషా, ఏది దొరక్క జనం కోదాడకో మిర్యాలగూడకో పోతున్నారో రాసుకోమంటాను. దానికి వాళ్లు ఎంత ఇవ్వగలరో, ఏ నెలలో ఇవ్వగలరో కూడా అక్కడే అడగమంటాను.