మనసును ఏమడుగుతున్నావు, అమ్మలూ?

అమ్మలూ,

గ్రూప్-2 జాబితాలో పేరు లేదని తెలిసినప్పటి నుంచి నువ్వు సరిగా తినడం లేదని మీ అమ్మ చెప్పింది. మొన్న ఫోన్‌లో మాట్లాడినంతసేపూ నువ్వు అడిగింది ఒక్కటే: "నాకే ఎందుకిలా అవుతోంది తాతయ్యా?" అప్పుడు నేనేమీ చెప్పలేదు. ఆ దుఃఖంలో ఎవరేం చెప్పినా చెవికెక్కదు. ఇప్పుడు కాస్త కుదుటపడ్డావని విని రాస్తున్నాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనసూ అంతే, ఏది అడిగితే అది వెతికి తెచ్చిపెడుతుంది. కాకపోతే అమ్మకున్న విచక్షణ దానికి లేదు. "నాకెందుకు చేతకాదు?" అని అడిగావనుకో, ఎప్పుడో స్కూల్లో తప్పిన లెక్క, ఎవరో చుట్టం విసిరిన మాట, పక్కింటి అమ్మాయికి వచ్చిన ఉద్యోగం, అన్నింటినీ సాక్ష్యానికి పిలుచుకొస్తుంది. తెల్లవారేసరికి నీకు చేతకాదని రుజువైపోతుంది. "ఏ పేపర్లో మార్కులు తగ్గాయి?" అని అడిగి చూడు. అదే మనసు లేచి వెళ్లి పుస్తకాలు తీస్తుంది.

సరైన ప్రశ్న పట్టుకున్న ఒకాయన సంగతి చెబుతాను. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు జనరల్ స్టడీస్‌లో ఒక బిట్‌గా చదివే ఉంటావు. బిట్‌లో పట్టే మనిషి కాదాయన. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి, తెల్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ దక్కక, అంతకు తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటపడ్డారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బే ఆయన్నీ పట్టుకుంది, ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. "నాకే ఎందుకిలా?" అని అడిగే హక్కు ఆయనకంటే ఎవరికుంది చెప్పు?

చేసిన పనులను బట్టి చూస్తే ఆయన జీవితాన్ని నడిపిన ప్రశ్న వేరు: ఈ జబ్బులకు మందేది? దాని వెంటపడి 1922లో సముద్రాలు దాటారు. బోస్టన్‌లో పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అంత చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతను తగ్గించే మందు అది. అన్నదమ్ములు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

ప్రశ్న అంతటితో ఆగలేదు. బోదకాలుకు హెట్రజాన్, కేన్సర్ చికిత్సలో ఈనాటికీ వాడే మెథోట్రెక్సేట్ ఆయన బృందం పనిలోంచే వచ్చాయి. 1948లో, 53 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు. ఇవాళ మన ఊళ్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర ఆ హెట్రజానే.

నువ్వు సుబ్బారావు గారంతటిదానివి కావాలని కాదు తల్లీ ఈ మాట చెప్పడం. కష్టం ఎవరికైనా మొదట "ఎందుకిలా?" అనే ప్రశ్ననే తెస్తుంది. అది సహజం, ఏడుపొస్తే ఏడువు. అయితే ఆ ప్రశ్న దగ్గరే కాపురం పెట్టకు. దానికి జవాబు దొరికినా నువ్వు చేయగలిగింది ఏమీ ఉండదు. రేపు పొద్దున లేచి నీ చేతులతో చేయగలిగే పని ఏ ప్రశ్నకు జవాబుగా వస్తుందో, దాన్ని పట్టుకో.

ఇంకో జాగ్రత్త. మనల్ని పీక్కుతినే ప్రశ్నల్లో సగం మనవి కావు. "నలుగురూ ఏమనుకుంటారు?" అన్నది ఆ నలుగురిది. "ఇంకా ఎన్నాళ్లు చదువుతుంది?" అన్నది పెళ్లిళ్లలో కనబడే చుట్టాలది. వాళ్లు అడిగి భోజనానికి వెళ్లిపోతారు. నువ్వు దాన్ని ఇంటికి తెచ్చుకుని నెలల తరబడి మోస్తావు. ఏ ప్రశ్న బాధపెట్టినా ముందు అది ఎవరిదో చూడు.

మళ్లీ రాయాలా, మానేయాలా అన్నది మాత్రం నీదే. దాన్ని కాదని పక్కకు నెట్టకు. ఓడిపోయిన కోపంలోనో, అర్ధరాత్రి నిద్రపట్టని వేళనో అడగకు. కడుపు నిండాక, పగటి వెలుగులో అడుగు. "ఈ ఉద్యోగం చేస్తూ రోజూ నేను ఏ పని చేస్తాను, అది నాకిష్టమేనా?" అని అడుగు. అవునని వస్తే మళ్లీ రాయి. కాదని వస్తే ఆ సంగతి మీ నాన్నకు నేను చెబుతాను, నువ్వు భయపడనక్కర్లేదు.

రాత్రిళ్లు ఏదైనా ప్రశ్న మరీ ఊపిరాడనివ్వకపోతే ఒంటరిగా దానితో కుస్తీ పట్టకు. నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. నిన్ను నువ్వు అడుక్కోవలసిన ప్రశ్నలు కొన్నయితే, మనవాళ్లతో పంచుకోవలసినవి కొన్ని. ఆ రెంటినీ వేరుచేయడం నేర్చుకుంటే, ఈ ఉద్యోగం వచ్చినా రాకపోయినా నీ బతుకు నీ చేతిలోనే ఉంటుంది.

ఆశీస్సులతో,
నీ తాతయ్య