విత్తనం, క్షేత్రం, కర్త

సృష్టి అనే మాటకి మతంలో ఒక అర్థం, విజ్ఞానశాస్త్రంలో ఒక అర్థం, కళలో మరో అర్థం. మతంలో అది దైవసంకల్పం. సైన్సులో ఉన్న పదార్థమే ఇంకో రూపం దాల్చటం. కళలో అంతకుముందు లేనిదాన్ని ఊహించి చెప్పటం. అయితే మూడు చోట్లా నన్ను వెంటాడేది ఒకటే ప్రశ్న: ఇందులో కర్త ఎవరు?

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం స్త్రీని క్షేత్రమనీ, పురుషుణ్ణి బీజమనీ అంటుంది. బీజానిదే ప్రాధాన్యమంటూనే, పరాయి పొలంలో చల్లితే పంట పొలం యజమానిదేనని తేలుస్తుంది. తగవంతా ఇద్దరు మగవాళ్ల మధ్యే. పొలాన్ని ఎవరూ అడగరు.

సైన్సు కూడా చాలాకాలం ఈ చూపుతోనే చూసింది. వీర్యకణంలో ముడుచుకు కూర్చున్న బుల్లి మనిషి బొమ్మని హార్ట్‌సోకర్ 1694లోనే అచ్చువేశాడు. క్షీరదాల అండాన్ని ఫాన్ బేర్ కనుక్కున్నది 1827లో. జన్యువుల్లో ఇద్దరికీ వాటా ఉందని ఇవాళ బడిపిల్లలకీ తెలుసు. అయినా మన మాటల్లో 'వాళ్ల నాన్న రక్తం' పోలేదు.

ఇక సాహిత్యం. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని తన ప్రతిభ గురించి సగర్వంగా చెప్పుకుంది. ఆమె 'రాధికాసాంత్వనము'ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తిపాఠంతో ప్రచురిస్తే, 1911లో ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. శృంగారం రాసిన మగకవులు మహాకవులుగానే ఉన్నారు. వర్ణించబడవలసిన క్షేత్రం తానే వర్ణించటం మొదలుపెట్టిందన్నదే అసలు అభ్యంతరం.

నేను పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ఒక పెద్దాయన, "బిడ్డను కనటాన్ని మించిన సృష్టి ఏముందమ్మా?" అన్నారు. పొగడ్తలాగే ఉంది. కానీ ఆ పొగడ్త మన చేతిలోంచి కలాన్ని మెల్లగా తీసుకుని పక్కన పెడుతుంది. గర్భానికి దండం పెట్టినవాళ్లందరూ బుద్ధికి చోటివ్వరు.

మరి 'అసలు సృష్టికర్తలం మేమే' అని మనం ఎదురు వాదించాలా? నాకు సంకోచం. కర్త అంటే యజమాని అన్న అర్థాన్ని అలాగే ఉంచి పేరు మాత్రం మార్చుకుంటే, రేపు కూతురి మీద తల్లి పెత్తనం కూడా న్యాయమే అవుతుంది. అలాగని పేరు అక్కర్లేదనీ అనలేను. ముద్దుపళని పేరు లేకపోతే ఆ కావ్యం కోసం నాగరత్నమ్మ ఎవరి తరఫున నిలబడేది?

'సృజ్' ధాతువుకి విడవటం, వెలువరించటం అనే అర్థాలున్నాయి. నాకు ఆ అర్థం నచ్చుతుంది. చేసినదానిమీద పేరు రాసుకుందాం. దాన్ని మాత్రం మన పొలంలో పంటని చేసుకోవద్దు, బిడ్డనైనా, పుస్తకాన్నైనా.